కర్నూలు ఎండల్లో లాంగ్ రన్ ఎట్ల చేస్తాండారు?

అన్నా, మేం నలుగురం ఫ్రెండ్స్ డిసెంబర్‌లో హాఫ్ మారథాన్, అంటే 21.1 కిలోమీటర్లు, ఉరకాలని మొదలుపెట్టినాం కానీ ఇక్కడ పొద్దున ఏడుకే మాడు మండుతాంది. ఆదివారం కేసీ కెనాల్ పక్కన 12 కిలోమీటర్లు అనుకుంటే 8 కిలోమీటర్లకే ఒకడు కళ్లు తిరిగి కూలబడినాడు. సాయంత్రానికి మార్చాలా?

బురుజు రన్నర్: సాయంత్రం వద్దు తమ్ముడూ, తారురోడ్డు పొద్దంతా కాగి వేడి కక్కుతా ఉంటాది. నాలుగున్నరకే దిగండి. ఒళ్లు ఎండకు అలవాటు పడనీకి 10 నుంచి 14 రోజులు పడతాది, అంతవరకు పేస్ గీస్ చూడొద్దు, పక్కనోడితో మాట్లాడుతా ఉరకగలిగినంతే.

సంగటి ముద్ద: వట్టి నీళ్లే లీటర్లకు లీటర్లు తాగితే ఒంట్లో సోడియం పడిపోతాది, అదీ ప్రమాదమే. ఓఆర్‌ఎస్ పెద్ద ప్యాకెట్ లీటరు నీళ్లల్లో కలుపుకోండి. నేనైతే ఉప్పేసిన మజ్జిగే, ఉరికినాక.

తుంగభద్ర: ఈసారి ఎవడికైనా మాట తడబడినా, తిక్కతిక్కగా చేసినా అది వడదెబ్బే, చెమట పడతాందిలే అని వదలొద్దు. నీడకు లాగి ఒళ్లంతా నీళ్లు పోస్తానే 108కి కొట్టండి.

అడిగినోడు: సరే అన్నా, నాలుగున్నరకే. వాణ్ని లేపేదే పెద్ద మారథాన్ మాకు.