యూనియన్ కాగితం మీద సంతకం పెట్టాలా వద్దా? సూర్యారావుపేట స్టాఫ్ నర్సు సందేహం

ప్రశ్న (స్టాఫ్ నర్సు, విజయవాడ)

అందరికీ నమస్కారమండి. సూర్యారావుపేటలో ఒక ప్రైవేట్ ఆసుపత్రిలో మూడేళ్లుగా చేస్తున్నాను. జీఎన్ఎం చదివాను. మాది 180 పడకల ఆసుపత్రి. నర్సులం 110 మందిమి. వార్డు బాయ్‌లు, ఆయాలు, ల్యాబు, బిల్లింగు వాళ్లందరితో కలిపితే 400 దాకా ఉంటాం.

నెల క్రితం ఐసీయూ అక్కలు కొందరు ఒక యూనియన్ వాళ్లతో మాట్లాడి వచ్చారు. ఇప్పుడు హాస్టల్లో గది గదికీ ఒక కాగితం తిరుగుతోంది. పేరు, సంతకం, 200 రూపాయలు. నా దాకా వచ్చింది. రేపు చెప్తానని దిండు కింద పెట్టి నాలుగు రోజులైంది.

మా బాధలు కొత్తవేం కాదు. నైట్‌లో జనరల్ వార్డులో ఇద్దరం 34 మందిని చూస్తాం. పొద్దున రిలీవర్ రాకపోతే ఆ డ్యూటీ కూడా మాదే. డబుల్ డ్యూటీకి డబ్బులివ్వరు, ఆఫ్ ఇస్తామంటారు, ఆ ఆఫ్ రాదు. చేరినప్పుడు తీసుకున్న ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇంకా వాళ్ల బీరువాలోనే ఉన్నాయి.

నాన్నకి ఫోన్ చేస్తే "మనకెందుకమ్మా ఆ జెండాల గొడవ" అన్నాడు. తెనాలి పక్కన కౌలుకి చేస్తాడు. చెల్లి బీఎస్సీ నర్సింగ్ రెండో ఏడు, ఫీజు నా జీతంలోంచే కడుతున్నాం. సంతకం పెడితే ఉద్యోగం పోతుందా? సమ్మె అంటే నా పేషెంట్లని వదిలేసి గేటు బయట కూర్చోవాలా? అది మాత్రం నా వల్ల కాదు. తెలిసినవాళ్లు ఉన్నదున్నట్టు చెప్పండి.

జవాబు (రిటైర్డ్ నర్సు, గుంటూరు)

చెల్లీ, నాలుగు రోజులు ఆగి మంచి పని చేశావు. నేను ఆగలేదు.

కొత్తపేటలో ఒక ఆసుపత్రిలో చేస్తున్న రోజుల్లో ఇలాంటి కాగితమే వచ్చింది. ముందు సంతకం పెట్టింది ఏడుగురం, అందులో నేనొకదాన్ని. వారం తిరక్కుండా ఆ కాగితం యాజమాన్యం బల్ల మీదకి చేరింది. ఎవరినీ ఉద్యోగంలోంచి తియ్యలేదు. ఒక్క మాటా అనలేదు. రోస్టర్ మార్చారు, అంతే. మా ఏడుగురికీ నెలల తరబడి నైట్లే. మాలో ఒకామె చంటిబిడ్డ తల్లి. నెలన్నర ఓర్చుకుని మానేసింది. తర్వాత ఒక్కొక్కరం విడిపోయాం. యూనియన్‌లో చేరడం తప్పని నేను ఏనాడూ అనుకోలేదు. ఏడుగురం ఉన్నప్పుడే బయటపడ్డాం చూడు, అదీ మేం చేసిన తప్పు.

అందుకే నా మాట: చేరు. కానీ వరస ముఖ్యం. ముందు సర్టిఫికెట్లు, తర్వాత పుస్తకం, ఆ తర్వాతే సంతకం.

సర్టిఫికెట్లు నీ చేతిలో లేనంతకాలం నీ నోరు వాళ్ల బీరువాలో ఉన్నట్టే. "నా ఒరిజినల్స్ నాకు ఇవ్వండి, జిరాక్సులు ఉంచుకోండి" అని రెండు లైన్ల అర్జీ రాయి. ఇంకో కాపీ మీద ముట్టినట్టు స్టాంపు వేయించుకో. వెయ్యకపోతే స్పీడ్ పోస్టులో పంపి ఆ రసీదు దాచుకో. ఇది నువ్వొక్కదానివే కాకుండా పదిహేను మంది ఒకే వారంలో అడగండి. ఎవరి అర్జీ వాళ్లదే, యూనియన్ ఊసు అక్కర్లేదు.

ఇక పుస్తకం సంగతి. రెండో ఆసుపత్రిలో నాకు పనికొచ్చింది అదే. అప్పట్లో నైట్ రిపోర్టు ఎర్ర సిరాతో రాసేవాళ్లం. హ్యాండోవర్ ఇచ్చాక అదే పెన్నుతో నా సొంత నోటుబుక్కులో ఒక లైను రాసుకునేదాన్ని. తేదీ, వార్డు, పేషెంట్లు ఎందరు, సిస్టర్లం ఎందరం, ఎన్నింటికి డ్యూటీ దిగాను. పేషెంట్ల పేర్లు గానీ జబ్బులు గానీ ఎన్నడూ రాయలేదు, నువ్వూ రాయొద్దు. ఆసుపత్రి రిజిస్టర్లకి ఫొటోలు తియ్యొద్దు, దొరికితే దాన్నే నీ మీద నేరంగా చూపిస్తారు. లేబర్ ఆఫీసులో చర్చలకి కూర్చున్నప్పుడు యాజమాన్యం తరఫు మనిషి "మా దగ్గర ఒక్కో సిస్టర్‌కి పదిమందే" అన్నాడు. మేం ముగ్గురం మూడు పుస్తకాలు బల్ల మీద పెట్టాం. నా దాని అట్ట మీద బెటాడిన్ మరక. ఒకే తారీఖు, ముగ్గురి చేతిరాత, మూడింటిలోనూ 19 అనే ఉంది. ఆఫీసరు పేజీలు తిప్పుతూ ఇంకో నాలుగు తారీఖులు సరిచూశాడు. ఆ గదిలో ఇక ఎవరూ పదిమంది అనలేదు. తర్వాతి నెల నైట్‌కి ఒక సిస్టర్‌ని పెంచారు. జీతం పెరగడానికి ఇంకా ఏడాది పట్టింది, అదీ మేం అడిగినంత కాదు.

ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ లెక్క ఐసీయూలో పేషెంటుకో నర్సు, బోధనాసుపత్రి వార్డులో ముగ్గురికి ఒకరు, మామూలు ఆసుపత్రి వార్డులో ఐదుగురికి ఒకరు. నువ్వు పదిహేడు మందిని చూస్తున్నావు తల్లీ. మీ మొదటి డిమాండు ఇదే చెయ్యండి. జీతమంటే జనం డబ్బు గొడవ అనుకుంటారు. ఇది పేషెంటు ప్రాణం సంగతి, పేషెంటు తాలూకు వాళ్లు కూడా మీ పక్కనే నిలబడతారు.

సమ్మె గురించి నీ భయం నాకు తెలుసు. ఆ భయం లేని నర్సుని నేను నమ్మను. కాకపోతే యూనియన్‌లో చేరినంత మాత్రాన సమ్మె చెయ్యాలని లేదు. అది ఆఖరి మెట్టు. అక్కడిదాకా వెళ్లినా ఐసీయూ, క్యాజువాలిటీ, ఆపరేషన్ థియేటర్, లేబర్ రూములకి ఎవరు డ్యూటీలో ఉంటారో ముందే జాబితా రాసి యాజమాన్యానికి ఇచ్చే పద్ధతి ఉంది. కేరళలో చూడు. 2011లో త్రిసూర్‌లో మొదలైన యునైటెడ్ నర్సెస్ అసోసియేషన్ ఏళ్ల తరబడి పోరాడింది. 2018 ఏప్రిల్‌లో సమ్మె మొదలవ్వాల్సిన ముందురోజు ప్రభుత్వం ప్రైవేట్ నర్సులకి 20 వేల కనీస వేతనం నోటిఫికేషన్ ఇచ్చింది. ఆ సమ్మె జరగనే లేదు.

జవాబు (ఇన్‌ఛార్జ్ సిస్టర్, విజయవాడ)

పెద్దక్క మాటంటే గౌరవమే, కానీ రెండో వైపు కూడా ఆ అమ్మాయికి తెలియాలి. నేను ఇంతకుముందు చేసిన చోట యూనియన్ వచ్చింది. రెండేళ్లకి చీలి రెండైంది. నర్సులు, ఆయాలు రెండు జట్లు. అంతకుముందు "నీ నైట్ నేను చేస్తాలే, నా ఆదివారం నువ్వు చూడు" అని డ్యూటీలు మార్చుకునేవాళ్లం. ఎవరింట్లో జ్వరమొచ్చినా అలాగే గడిచేది. ఆ మాట పోయింది. జట్టు చూసి డ్యూటీ మార్చుకునే రోజులొచ్చాయి.

ఇంకోటి, మా తరఫున మాట్లాడిన నాయకుడు బయటి మనిషి, వార్డులో ఒక్క రోజు కూడా నిలబడలేదు. తలుపు మూసుకుని చర్చలు చేశాడు. బయటికొచ్చి "అయిపోయింది, డ్యూటీలకి వెళ్లండి" అన్నాడు. ఏం ఒప్పుకున్నాడో ఎవరికీ కాగితం చూపించలేదు. మా చందాలు ఏమయ్యాయో లెక్కా లేదు. అందుకే ఆ 200కి రసీదు అడగమ్మా. ఇవ్వకపోతే ఆ కాగితం తిరిగి ఇచ్చెయ్.

జవాబు (కార్మిక చట్టాల న్యాయవాది, గుంటూరు)

చట్టం వరకు నేను చెప్తాను.

సంఘం పెట్టుకునే హక్కు రాజ్యాంగం 19(1)(సి) ఇచ్చింది. ఆసుపత్రి కూడా పరిశ్రమే అని సుప్రీంకోర్టు 1978లో బెంగళూరు వాటర్ సప్లై కేసులో చెప్పింది. 2025 నవంబర్ 21 నుంచి 1926 నాటి ట్రేడ్ యూనియన్ల చట్టం, 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం స్థానంలో పారిశ్రామిక సంబంధాల కోడ్ వచ్చింది. అందులో ఒక మినహాయింపు ఉంది. దాతృత్వ, సేవా సంస్థలు నడిపేవాటిని పరిశ్రమ నిర్వచనం నుంచి తప్పించారు. మీ ఆసుపత్రి ట్రస్టు పేరు మీద ఉందో, కంపెనీ పేరు మీద ఉందో ముందు చూసుకోండి. జీతం స్లిప్పు మీదే పేరు ఉంటుంది.

మీరే సొంతంగా యూనియన్ పెట్టుకుంటే రిజిస్ట్రేషన్‌కి మొత్తం కార్మికుల్లో 10 శాతం గానీ 100 మంది గానీ, ఏది తక్కువైతే అది కావాలి. మీకు 400 మంది కాబట్టి 40. కానీ యూనియన్లు ఒకటికంటే ఎక్కువ ఉంటే, చర్చలకి ఏకైక యూనియన్‌గా గుర్తింపు రావాలంటే మస్టర్ రోలులో, అంటే ఆసుపత్రి కార్మికుల పేర్లుండే హాజరు పట్టీలో 51 శాతం మంది సభ్యులై ఉండాలి. అంటే 204 మంది. నర్సులందరూ కలిసినా 110. ఆయాలు, వార్డు బాయ్‌లు, ల్యాబు వాళ్లని కలుపుకోకుండా ఆ అంకె రాదు. నర్సులు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. హౌస్‌కీపింగ్ కాంట్రాక్టరు మనుషులైతే మీ మస్టర్‌లో ఉండరు, వాళ్లని ఆ 400లోంచి తీసేసి లెక్క వెయ్యండి.

యూనియన్‌లో చేరినందుకు తీసేసినా, వేధించినా అది అనుచిత కార్మిక విధానం కిందికి వస్తుంది. కాగితం మీద రక్షణ గట్టిదే. అయితే కేసు తేలడానికి ఏళ్లు పడతాయి, ఆ ఏళ్లు ఇల్లు గడవాలి. ఈ మాట దాచడం నాకిష్టం లేదు.

సమ్మెకి 14 రోజుల ముందు నోటీసు తప్పనిసరి. సగం మంది ఒకేరోజు క్యాజువల్ లీవు పెట్టినా సమ్మెగానే లెక్క, కాబట్టి "అందరం లీవు పెడదాం" అనే సలహా వినకండి. అక్రమ సమ్మెకి జరిమానా, నెల దాకా జైలు కూడా ఉన్నాయి. ప్రభుత్వం ఎస్మా, అంటే అత్యవసర సేవల్లో సమ్మెని నిషేధించే చట్టం కూడా ప్రయోగించొచ్చు. 2024 జనవరిలో మన రాష్ట్రంలో అంగన్‌వాడీల సమ్మె మీద ప్రయోగించారు.

యూనియన్ లేకుండానే మీకు రావలసినవి కొన్ని ఉన్నాయి. నియామక పత్రం, ఓవర్‌టైముకి రెట్టింపు వేతనం, 26 వారాల ప్రసూతి సెలవు. వీటికి ఒక్కరైనా లేబర్ ఆఫీసుకి వెళ్లొచ్చు. జీతం విషయానికొస్తే, 2016లో సుప్రీంకోర్టు ఆదేశంతో కేంద్రం వేసిన కమిటీ ఒక లెక్క చెప్పింది. 100 నుంచి 200 పడకల ఆసుపత్రిలో నర్సు జీతం ప్రభుత్వ నర్సు కంటే 10 శాతానికి మించి తగ్గకూడదు. అది సిఫార్సే. దాన్ని చేతిలో పట్టుకుని అడగడానికి మనుషులు కావాలి, యూనియన్ వల్ల అసలు లాభం అక్కడుంది.

ఇన్‌ఛార్జ్ సిస్టర్‌గారికి ఒక మాట: పర్యవేక్షక పనిలో ఉండి 18 వేలకి మించి జీతం ఉన్నవాళ్లు ఈ కోడ్ కింద కార్మికులు కారు. పేరుకే ఇన్‌ఛార్జ్ అయి, రోజంతా బెడ్‌సైడ్ పనే చేస్తుంటే వాదించే చోటు ఉంది.

ప్రశ్న అడిగిన నర్సు

అక్కా, మేడమ్, సార్, అందరికీ చేతులెత్తి దండం. నిన్న పన్నెండు మందిమి సర్టిఫికెట్ల కోసం అర్జీలు పెట్టాం. ఇద్దరికి స్టాంపు వేశారు, మిగతావి "పై వాళ్లని అడగాలి" అన్నారు. ఈ రోజు స్పీడ్ పోస్టు చేశాం. జీతం స్లిప్పు మీద కంపెనీ పేరే ఉంది. కాగితం తెచ్చిన అక్కని రసీదు అడిగితే పుస్తకం తెచ్చి చూపించింది, రిజిస్ట్రేషన్ నంబరు ఉంది. ఇప్పటిదాకా 31 సంతకాలు. ఆదివారం మీటింగుకి రమ్మంటున్నారు. వెళ్లనా? వెళ్తే ఏం అడగను?

జవాబు (రిటైర్డ్ నర్సు, గుంటూరు)

వెళ్లు తల్లీ. చెవులు తెరుచుకుని కూర్చో, సంతకం ఆ రోజు పెట్టకు. మూడే అడుగు. చర్చలకి యూనియన్ నాయకుడితో పాటు మన వార్డుల నుంచి ఇద్దరు సిస్టర్లు లోపల కూర్చుంటారా? ఒప్పందం మీద సంతకానికి ముందు అందరికీ చదివి వినిపిస్తారా? ఐసీయూ, లేబర్ రూము ఎట్టి పరిస్థితుల్లో ఖాళీ చెయ్యమని రాసి ఇస్తారా? ఇన్‌ఛార్జ్ సిస్టర్ చెప్పిన బాధ మొదటి రెండింటితో చాలావరకు తీరుతుంది.

సంతకం పెట్టినవాళ్ల జాబితా వాట్సాప్‌లో పెట్టొద్దని వాళ్లకి గట్టిగా చెప్పు. 31 మంది పేర్లు ఫోన్లలో తిరిగితే మా కొత్తపేట కథే అవుతుంది. ఆయాల్ని, వార్డు బాయ్‌ల్ని ఎవరు పలకరిస్తున్నారో కూడా కనుక్కో. ఈలోపు ఈ రోజు నైట్ నుంచే పుస్తకం మొదలుపెట్టు. మీ రూమ్మేట్‌ని విడిగా ఇంకో పుస్తకంలో రాయమను.