మార్క్‌డౌన్ పుస్తకానికి బొమ్మల పట్టిక దానంతటదే వచ్చే దారుందా?

ధవళేశ్వరం నుంచి మా అమలాపురం కాలువ దాకా లాకుల ఫోటోలు 43 తీసి, మార్క్‌డౌన్‌లో (మామూలు టెక్స్టులోనే చిన్న గుర్తులు పెట్టి రాసే పద్ధతి) చిన్న పుస్తకం రాశానండి. పాన్‌డాక్ అనే ఫైళ్లు మార్చే ప్రోగ్రాంతో పీడీఎఫ్ చేస్తున్నా. బొమ్మల పట్టిక చేత్తోనే టైపు చేశా. నిన్న గన్నవరం అక్విడక్టు (కాలువను నది మీదుగా దాటించే వంతెన) ఫోటో మధ్యలో దూర్చేసరికి పేజీ నంబర్లన్నీ జరిగిపోయాయి. ఒకటే టెన్షన్.

జవాబు: చేత్తో ఎందుకండీ! ఫైలు మొదట్లో పుస్తకం పేరు, రచయిత పేరు ఉండే చోటే ఇంకో వరుసలో చిన్న అక్షరాల్లో ఎల్‌ఓఎఫ్ (లిస్ట్ ఆఫ్ ఫిగర్స్‌కి పొట్టి పేరు) అని కొట్టి, కోలన్ పెట్టి, ట్రూ అనండి. లాటెక్ అనే పేజీలు కూర్చే ప్రోగ్రాం మీదుగా పీడీఎఫ్ చేస్తే పట్టిక అదే వస్తుంది.

ప్రశ్న వేసినవారు: వచ్చిందండోయ్! కానీ 44కి 31 మాత్రమే కనిపిస్తున్నాయి.

ఇంకో జవాబు: ఫోటో ఉన్న వరుసలోనే వాక్యం కూడా రాసుంటారు. బొమ్మ ఒక్కటే ఒక పేరాగా ఉండాలి, పైనా కిందా ఖాళీ వరుసతో. చదరపు బ్రాకెట్లలో శీర్షిక రాయకపోయినా పట్టికలోకి ఎక్కదు. మా చేపల చెరువుల రిపోర్టుతో నాకూ ఒక పూట పోయింది లెండి.

ప్రశ్న వేసినవారు: అదేనండీ. పన్నెండు చోట్ల ‘ఈ లాకు చూడండి’ అని పక్కనే అతికించా. శీర్షిక లేనిది ఒక్కటే, అది గన్నవరందే!