సమస్య: «ఒకటి కలిపిన నేడును నొకటె యయ్యె»

నిర్వాహకుడు: చదరంగపు గళ్ళలో ఒక గింజతో మొదలుపెట్టి గడి గడికీ రెట్టిస్తూ పోతే చేరే మొత్తం 18446744073709551615. దీని అంకెలను ఒకట్ల స్థానం నుండి ‘శర’ (ఐదు)తో ఎత్తుకొని ‘తుహినాంశు’ (చంద్రుడు, అంటే ఒకటి)తో ముగించే పాత పద్యం మనకు ఉండనే ఉంది కనుక, ఈసారి ఆ సంఖ్య గుణాన్ని పట్టుకోవలసిందిగా మనవి.

యతిమిత్ర:
చదరముల నించు గింజల సంఖ్య చీల్చ
మూడు మొదలుగ వచ్చును ముద్దుగాను
బేసివౌ ప్రధానాంకముల్, పిదప రెండె;
ఒకటి కలిపిన నేడును నొకటె యయ్యె.

లెక్కలొజ్జ:
సున్న లొకటుల లెక్కలో చూడ నూట
యిరువదేడుకు నొకటులే యేడు గలవు
కుడిని మొదలిడి యెడమకు కూలిపోవ
ఒకటి కలిపిన నేడును నొకటె యయ్యె.

పాతకాపు: 3, 5, 17, 257, 641, 65537, 6700417 అనే ఏడు ప్రధానాంకాలు ఒక్కొక్కసారే వచ్చే ఈ సంఖ్యకు ఒకటి కలపగానే, రెండు తప్ప మరే ప్రధానాంకమూ భాగించని 2 యొక్క 64వ ఘాతం అవుతుందన్న యతిమిత్ర గారి ఊహ మెచ్చదగినది. అయితే ‘ముద్దుగాను’ యతి కోసం వచ్చిన చుట్టం. పైగా రెట్టింపు ఊసే లేదు. గడికొక గింజ వేస్తే అరవై నాలుగే కదా, దాన్ని చీలిస్తే రెండు తప్ప ఏమి వస్తుంది?

లెక్కలొజ్జ: ఇదే సంఖ్యపై పోయినసారి ‘ఆరు’ అని పూరించినవారు ఇప్పుడు ఏడంటున్నారు. 4294967297 ప్రధానాంకమని గణితజ్ఞుడు ఫెర్మా భ్రమపడితే, అది 641, 6700417ల లబ్ధమని 1732లో ఆయిలర్ తేల్చిన సంగతి యతిమిత్ర గారికి ఇన్నాళ్ళకు చేరినట్టుంది.

యతిమిత్ర: నాటి పద్యంలో ఆరు ఫెర్మా సంఖ్యల (3, 5, 17, 257, 65537, 4294967297) లబ్ధమన్నానే గాని, ఆరూ ప్రధానాంకాలని అనలేదు, లబ్ధం నేటికీ సరిగానే ఉంది. సున్నలు, ఒకట్లతోనే రాసే మీ లెక్కలో (ద్విసంఖ్యామానంలో) అడిగిన సంఖ్యకు అరవై నాలుగు ఒకట్లుండగా, మీరు ఏడు కోసం నూట ఇరవై ఏడు దాకా దిగిపోయారు. ఆ ‘ఏడుకు’ ఏ విభక్తి, ఒజ్జగారూ?

పాతకాపు: ‘యిరువదేడింట’ అంటే గణమూ నిలుస్తుంది, విభక్తీ నిలుస్తుంది. అయినా ఆ చిన్న సంఖ్యను తోసిపుచ్చలేము. పెద్ద సంఖ్య భాజకం ప్రతిదానికీ, ఆ ఏడు ప్రధానాంకాలలో తీసుకున్నదానికి ఒకటి, విడిచినదానికి సున్న వేస్తే, ఏడూ తీసుకున్న వరుస సరిగ్గా ఒజ్జగారి 1111111, అంటే 127. ఏదీ తీసుకోని వరుసను కూడా లెక్కిస్తే భాజకాలు 128.

నిర్వాహకుడు: ఆ లెక్కన ఒజ్జగారు తెలియకుండానే యతిమిత్ర గారి సంఖ్యకు భాజకాలు లెక్కపెట్టారు. రెండు పూరణలూ స్వీకరించాను. ‘ఏడుకు’ సవరించి మళ్ళీ పంపండి.