మందుల షాపు బాకీ ఉండగా మందులు మానడం ఎలా?

ప్రశ్న: పల్నాడు మిర్చి రైతు ఇల్లాలు

అందరికీ నమస్కారం. మాకు సొంతం ఒక ఎకరం, కౌలుకు రెండెకరాలు. అంతా మిర్చే. నల్ల తామర పురుగు పడిన ఏడాది నుంచి అప్పు తరగడం లేదు. మందుల షాపులో లక్షా ఎనభై వేల బాకీ, నూటికి రెండు రూపాయల వడ్డీ. బ్యాంకులో నా గొలుసు, గాజుల మీద లక్షన్నర. డ్వాక్రాలో ఇంకో నలభై వేలు కట్టాలి.

నాకు మందులు లేకుండా పంట తీయాలని ఉంది. మందు కొట్టి వచ్చిన రోజు మా ఆయన ముద్ద మింగలేక పళ్లెం ముందు నుంచి లేచిపోతారు. ఆ చొక్కా ఉతికితే నా చేతులు మండుతాయి. మా పిల్లలకు పెట్టే పచ్చడికి మా చేలో కాయలు వాడాలంటేనే భయం. అవే కాయలు ఊరి మీదకు పంపుతున్నామంటే మనసొప్పడం లేదు. ప్రకృతి వ్యవసాయం సిబ్బంది ఊళ్లోకి వచ్చి పేడ, మూత్రం, బెల్లంతో చేసే జీవామృతం కలిపి చూపించారు. పద్ధతి అర్థమైంది. అడ్డమల్లా అప్పే.

షాపాయన డబ్బు ఇవ్వడు, మందే ఇస్తాడు. ఏది ఎంత కొట్టాలో చీటీ రాసేదీ ఆయనే. అరువుకు తెస్తే రేటు ఎక్కువ. పంట వచ్చాక మిర్చి టిక్కీలు (బస్తాలు) ఆయన చెప్పిన కమీషన్ కొట్టుకే వేయాలి. ఈ ఏడు మందులొద్దంటే ‘నా బాకీ కట్టేసి మీ ఇష్టమొచ్చింది చేసుకోండి’ అంటున్నాడు. అప్పులన్నీ తీరాక మొదలుపెట్టాలా? ముందు మొదలుపెడితే అప్పు తగ్గుతుందా? ఇందులోంచి బయటపడినవాళ్లు చెప్పండి.

జవాబు: ఖమ్మం రైతు

అమ్మా, మీరు చెప్పినదంతా మా ఉమ్మడి ఖమ్మం జిల్లాలో పత్తి రైతులు పడ్డదే. పాల్వంచ దగ్గర పునుకుల అనే ఊరుంది. అక్కడా షాపుల్లో అరువుకు మందులు తేవడం, అదే షాపువాళ్లకు పత్తి తూయడం, ఏటా బాకీ మిగలడం. 2000 ప్రాంతంలో కొందరు ధైర్యం చేసి మందులు ఆపారు. వేపగింజల కషాయం, పచ్చిమిర్చి వెల్లుల్లి కషాయం, మగ పురుగుల్ని వాసనతో రప్పించి పట్టే లింగాకర్షక బుట్టలతో నెట్టుకొచ్చారు. మందుల ఖర్చు పోయేసరికి పాత బాకీలు తీరాయి. ఆడవాళ్ల సంఘాలు గట్టిగా నిలబడ్డాయి. చివరికి పంచాయతీయే మా ఊళ్లో పురుగుమందులు వద్దని తీర్మానం చేసింది.

కాబట్టి అన్ని అప్పులూ తీరేదాకా ఆగనక్కర్లేదు. కానీ పత్తి వేరు, మిర్చి వేరు. నల్ల తామర మొండి పురుగు. మూడెకరాలూ ఒకేసారి మార్చి పంట దెబ్బతింటే మళ్లీ ఆ షాపు గడపే ఎక్కాలి. సొంత ఎకరంలో మొదలుపెట్టండి. కౌలు చేను వచ్చే ఏడు మీ చేతిలో ఉంటుందో లేదో తెలియదు. మీరు బాగు చేసిన నేల ఇంకొకరికి పోతుంది.

జవాబు: రిటైరైన బ్యాంకు ఉద్యోగి

చెల్లెమ్మా, మీ మూడు అప్పుల్నీ ఒకే గాటన కట్టొద్దు. షాపు బాకీకి ఏడాదికి వడ్డీ 43,200 రూపాయలు. మీ బంగారం అప్పు తొమ్మిది శాతం అనుకుంటే ఏడాదికి 13,500. డ్వాక్రా వడ్డీ ఇంకా తక్కువ. పైగా బ్యాంకు మీ చేలో ఏం చల్లాలో చెప్పదు. ముందు తెగాల్సింది షాపు బాకీయే.

మీ నగలు కుదువ పెట్టి కొన్నేళ్లయి ఉంటే అదే బంగారం మీద ఇప్పుడు ఎక్కువ అప్పు పుడుతుంది. బ్యాంకులో అడగండి. షాపు బాకీ మొత్తం తొమ్మిది శాతానికి మారితే ఏడాదికి 27,000 మిగులుతుంది. ఆ మిగులు ప్రతి పైసా అసలుకే కట్టాలి. ఆ డబ్బుతో ఫోన్ కొన్నా, ఫంక్షన్ చేసినా నగ వేలానికి పోయే ప్రమాదం ఉంది. ఇది మాత్రం గట్టిగా చెబుతున్నాను.

షాపులో కట్టే ముందు పద్దు మొత్తం రాయించుకోండి. ఏ నెల ఏ డబ్బా ఎంతకు ఇచ్చాడో చూడండి. విడతలుగా కడితే ప్రతిసారీ ప్రామిసరీ నోటు వెనక చెల్లు వేయించండి, అంటే ఎంత కట్టారో రాయించండి. చివరి పైసా కట్టిన రోజే నోటు, ఖాళీ చెక్కులు ఉంటే అవీ వెనక్కి తీసుకోండి. తర్వాత ఇస్తానంటే ఒప్పుకోవద్దు.

సొంత ఎకరం మీద కిసాన్ క్రెడిట్ కార్డు ఉందా? మూడు లక్షల దాకా ఏడు శాతం, గడువులోపు కడితే నాలుగు శాతమే పడుతుంది.

జవాబు: డ్వాక్రా సంఘం సభ్యురాలు, విజయనగరం

వదినా, ఎకరం కూడా వద్దు, అరెకరం చాలు. తొలకరికి ముందే నవధాన్యాలు చల్లి, ఎదిగాక దున్నేయండి. జీవామృతానికి మేం ఎకరానికి రెండు వందల లీటర్ల నీళ్లలో పది కిలోల పేడ, పది లీటర్ల మూత్రం, రెండు కిలోల బెల్లం, రెండు కిలోల శనగపిండి, గట్టు మీది మట్టి పిడికెడు కలుపుతాం. డబ్బు పెట్టేది బెల్లానికీ పిండికే. మిర్చి మధ్యలో బంతి, చుట్టూ మొక్కజొన్న, నీలం జిగురు అట్టలు మర్చిపోవద్దు.

ఇంకొక మాట. అందులో రెండు సాళ్లు కూరగాయలు వేయండి. మిర్చి డబ్బు ఏడాదికోసారి వస్తుంది, అందుకే మధ్యలో అరువుకు పోతాం. గోంగూర, బెండ, బీర సంతలో పెడితే వారం వారం చేతికి చిల్లర వస్తుంది. మా సంఘంలో చాలామంది అరువు మానింది ఆ చిల్లరతోనే. మీ ఆయన్నీ సంతకు పంపండి. మందు కొట్టలేదంటే కొనేవాళ్లు వెతుక్కుంటూ వస్తారు, ఆ మాట ఆయన చెవిన పడాలి.

ప్రశ్న వేసినామె

అందరికీ దండాలు. మా ఆయనకు చదివి వినిపించాను. అరెకరానికి ఒప్పుకున్నారు. పద్దు రాసిమ్మని షాపులో అడిగాం. సంఘంలో అప్పు కోసం అర్జీ పెడుతున్నాను, చాలనిది బంగారం మీద తెస్తాం. ఒక్క సందేహం: కౌలు భూమి మీద కూడా పంట రుణం వస్తుందా? భూమి ఆసామి సంతకం పెట్టనంటున్నాడు.

జవాబు: రిటైరైన బ్యాంకు ఉద్యోగి

కౌలుదారుకు ఇచ్చే సాగుదారు హక్కుల పత్రం ఉంటే అడగొచ్చు. 2019 చట్టం ప్రకారం దానికి ఆసామి ఒప్పుకోవాలి. పదకొండు నెలలకే చెల్లుతుంది, భూమి హక్కు పోదని ఆయనకు చెప్పి చూడండి. అప్పటికీ కాదంటే నలుగురైదుగురు కౌలుదారులు కలిసి జాయింట్ లయబిలిటీ గ్రూపుగా ఏర్పడి బ్యాంకుకు వెళ్లండి. దానికి భూమి కాగితం తాకట్టు పెట్టక్కర్లేదు. ఒకరు కట్టకపోతే మిగిలినవాళ్ల మీద పడుతుంది కాబట్టి ఎవరితో కలుస్తున్నారో చూసుకోండి.