చేతి గ్రిప్పర్ పిడులను ఆకురాయితో అరగదీయడం: ఎంతవరకు, ఎలా?

హనుమకొండ కబడ్డీ:

అందరికీ నమస్కారం. పట్టు పెంచుకోవడానికి క్యాప్టెన్స్ ఆఫ్ క్రష్ అనే రకం లోహపు గ్రిప్పర్లతో (స్ప్రింగ్‌తో కలిపిన రెండు పిడులను గుప్పిట్లో నొక్కి మూసే సాధనాలు, నంబరు పెరిగేకొద్దీ బిగువు ఎక్కువ) సాధన చేస్తున్నాను. తయారీదారు 195 పౌండ్లుగా చెప్పే రెండో నంబరును పిడులు తగిలేదాకా మూయగలుగుతున్నాను కానీ, 280 పౌండ్ల మూడో నంబరు మాత్రం సగం దూరం కూడా కదలడం లేదు. రెండో నంబరు పిడుల కింది కొసలను లోపలివైపు కొంత అరగదీస్తే అవి మామూలుగా ఆగేచోటును దాటి దగ్గరికి వస్తాయనీ, మూత చివర్లో కావలసిన బలం అలా పెరుగుతుందనీ విన్నాను. నా దగ్గర ఒక ఆకురాయి, చిన్న బెంచ్ వైస్, ఉప్పు కాగితం తప్ప యంత్రాలేవీ లేవు. ఎంత లోతు తీయవచ్చు? స్ప్రింగ్‌కు ఏమైనా అవుతుందా?

కాజీపేట ఫిట్టర్:

తమ్ముడూ, నేను లోకో షెడ్‌లో ఫిట్టరుగా పనిచేసి రిటైరైనవాణ్ణి. వ్యాయామం సంగతి ఇతరులు చెబుతారు, లోహం సంగతి నేను చెబుతాను.

ముందు పిడికి అయస్కాంతం పెట్టి చూడండి. మీరు చెప్పిన రకానికి పిడులు అల్యూమినియంవి కాబట్టి అంటుకోదు. అంటుకుంటే అది ఇనుము, పని చాలా నెమ్మదిగా సాగుతుంది. అల్యూమినియం మెత్తనిది కదా అని సన్నపళ్ల ఆకురాయి పట్టుకోవద్దు, రజను పళ్ల మధ్య ఇరుక్కుపోయి కోత ఆగిపోవడమే కాక, ఆ ఇరుక్కున్న ముక్కలే పిడి మీద లోతైన గీతలు పెడతాయి. పది అంగుళాల బాస్టర్డ్ ఫైలు, అంటే కాస్త ముతక పళ్ల ఆకురాయి, తీసుకుని, దాని పళ్లకు సుద్దముక్క బాగా రుద్ది, మధ్యమధ్యలో వైర్ బ్రష్‌తో రజను దులుపుతూ ఉండండి.

వైస్‌లో ఒక పిడిని మాత్రమే, లోపలివైపు పైకి ఉండేలా బిగించాలి. రెండు పిడులనూ కలిపి బిగిస్తే స్ప్రింగ్ ఒత్తిడిలో ఉండిపోతుంది, పైగా ఆకురాయి పోవడానికి సందు ఉండదు. దవడలకూ పిడికీ మధ్య చెక్కముక్కలో పాత తోలుముక్కలో పెట్టకపోతే పిడి మీది గరుకు గీతలు నలిగిపోతాయి. ఆకురాయిని పిడికి అడ్డంగా, ముందుకు తోసేటప్పుడే బరువు వేసి, వెనక్కి తెచ్చేటప్పుడు ఎత్తి తీసుకురండి. ఐటీఐలో ఫిట్టర్ ట్రేడ్ పిల్లలకు మొదట నేర్పేది ఇదే, చాలామంది మొదట మరిచిపోయేదీ ఇదే.

లోతు కొలవడానికి వేరే పరికరం అక్కర్లేదు. పిడి గుండ్రంగా ఉంటుంది గనుక చదును ఎంత వెడల్పైందో చూస్తే లోతు తెలిసిపోతుంది: 19 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న పిడిలో 1 మిల్లీమీటరు తీస్తే చదును వెడల్పు సుమారు ఎనిమిదిన్నర మిల్లీమీటర్లు, 2 మిల్లీమీటర్లు తీస్తే పదకొండున్నర దాటుతుంది. కొసలో లోతు ఎక్కువగా ఉండి, పైకి పోయేకొద్దీ తగ్గుతూ పూర్తిగా కలిసిపోయేలా వాలుగా తీయండి, ఎందుకంటే కొస తగ్గగానే ఆ పైభాగం తగలడం మొదలవుతుంది. తగిలే చోట మార్కర్ పెన్నుతో రంగు పూసి ఒకసారి మూసి చూస్తే, రంగు ఎక్కడ చెదిరిందో అక్కడే తర్వాతి కోత అన్నమాట.

గోదావరిఖని పట్టు:

పెద్దాయన చెప్పిన పని పద్ధతిలో నేను మార్చేదేమీ లేదు. అయితే ఈ పనివల్ల ఎంత లాభమో ముందే లెక్క వేసుకోవాలి. స్ప్రింగ్ ఎంత తిరిగితే అంత ఎదురొత్తిడి ఇస్తుంది. కింది కొసల మధ్య 70 మిల్లీమీటర్లు తెరుచుకునే గ్రిప్పర్‌లో రెండు పిడులకూ చెరో 2 మిల్లీమీటర్లు తీస్తే చివరి ఒత్తిడి పెరిగేది ఆరు శాతం లోపే. 195 నుంచి 280కి ఉన్న దూరమేమో నలభై శాతానికి పైన. కాబట్టి అరగదీసిన రెండో నంబరు మూడో నంబరుకు బదులు కాదు, మధ్యలో 237.5 పౌండ్ల రెండున్నర నంబరు దొరుకుతుంది, డబ్బు ఉంటే అదే కొనాలి. అరగదీసినదాని అసలు ఉపయోగం వేరు: చాలామంది పిడులు తగలడానికి నాలుగైదు మిల్లీమీటర్ల ముందు ఆగిపోతారు. ఆ చోటును దాటి నొక్కడం వేళ్లకు అలవాటైతే మామూలు గ్రిప్పర్ చివరి మూత అంత కష్టమనిపించదు.

ఒక్క మాట మాత్రం గట్టిగా చెబుతున్నాను. మీకున్న ఒకే ఒక్క రెండో నంబరును ముట్టుకోవద్దు, అది మీ కొలబద్ద. అరగదీశాక ఇవాళ్టి బలాన్ని నిన్నటితో పోల్చలేరు, ఫలానా నంబరు మూశామని తయారీదారు ఇచ్చే అధికారిక ధ్రువీకరణకూ మార్పు చేసిన గ్రిప్పర్ చెల్లదు. 140 పౌండ్ల మొదటి నంబరు మీ ఇంట్లో మూలన పడి ఉంటే ముందు దానిమీద చేయి సాధించండి.

హనుమకొండ కబడ్డీ:

అన్నగారూ, మొదటి నంబరు ఉంది, దాన్నే అరగదీస్తాను. ఇంకొక సందేహం. పోచమ్మ మైదాన్ దగ్గర తెలిసిన వెల్డింగ్ షాపువాళ్లు గ్రైండర్ మీద అర నిమిషంలో చేసిస్తామంటున్నారు. చేయించవచ్చా?

కాజీపేట ఫిట్టర్:

వద్దు తమ్ముడూ. ఇనుము కోసం పెట్టిన మామూలు రాతి చక్రానికి అల్యూమినియం ఆనిస్తే లోహం కరిగినట్టై చక్రం రంధ్రాల్లో నిండుకుంటుంది. అలా నిండిన చక్రం కోయడం మానేసి వేడెక్కుతుంది, పగిలే ప్రమాదమూ ఉంటుంది. ఇనుప రవ్వలు ఎగిరేచోట అల్యూమినియం పొడి చేరితే నిప్పంటుకునే అవకాశం కూడా ఉంది. అర నిమిషంలో అయ్యే పనిలో ఒక మిల్లీమీటరు ఎక్కువ పోవడానికి క్షణం చాలు, పోయింది మళ్లీ రాదు. మీరడిగిన స్ప్రింగ్ సంగతీ ఇక్కడే ఉంది: ఆకురాయి వేడి దానికి ఏమీ చేయదు, కానీ మంటగానీ గ్రైండర్ గానీ తగిలి ఉక్కు రంగు మారేంత వేడెక్కితే దాని బిగువు పోతుంది. స్ప్రింగ్ కాళ్లు పిడిలోకి దిగిన పైభాగం జోలికి అసలు పోవద్దు.

రెండు పిడులకూ చెరో 2 మిల్లీమీటర్ల దగ్గర ఆగి, కొన్నాళ్లు వాడి చూసి, అవసరమైతేనే మళ్లీ వైస్ దగ్గరికి రండి. చదును అంచులు చర్మాన్ని కోసేంత పదునుగా ఉంటాయి కనుక ఉప్పు కాగితంతో వాటిని గుండ్రం చేసి, స్ప్రింగ్ చుట్ల మధ్య పడిన రజనును బ్రష్‌తో తీసి, ఆ తర్వాతే చేతిలోకి తీసుకోండి.