బెల్ మోగితే చాలు, అతిథుల మీదికి ఉరుకుతున్న మా కుక్క

ప్రశ్న: మా జర్మన్ షెపర్డ్‌కు మూడేళ్లు, బరువు 36 కిలోలు. మాతో ఎంతో సాధువుగా ఉండే ఈ కుక్క, కాలింగ్ బెల్ మోగగానే మెడ మీది వెంట్రుకలు నిక్కబొడుచుకుని గుమ్మం వైపు దూసుకుపోతోంది. మొన్న ఒక బంధువు చొక్కా చేతిని పట్టి చింపేసింది. నాలుగు దెబ్బలు వేస్తే దారికి వస్తుందా?

జవాబు 1: దయచేసి కొట్టకండి. గుర్రుమన్నందుకు దెబ్బలు తిన్న కుక్క గుర్రుమనడం మానేసి, ఏ హెచ్చరికా లేకుండా కరిచే ప్రమాదం ఉంది. ముందు పశువైద్యునికి చూపించండి. ఈ జాతిలో తుంటి కీళ్ల సమస్య తరచుగా కనిపిస్తుంది, నొప్పితో ఉన్న కుక్కకు ఓర్పు ఉండదు.

జవాబు 2: అతిథులు రాకముందే దానిని వేరే గదిలో ఉంచి తలుపు వేయండి. ఫోన్‌లో రికార్డు చేసిన బెల్ శబ్దాన్ని బాగా తగ్గించి వినిపిస్తూ, వినిపించిన ప్రతిసారీ దానికి ఇష్టమైన తిండి ముక్క పెట్టండి. మాకు ఇది రెండు నెలలు పట్టింది. నోరు తెరిచి రొప్పడానికి వీలుండే మూతిచిక్కం కూడా అలవాటు చేయండి.

ప్రశ్న అడిగినవారు: రేపే వైద్యుని వద్దకు తీసుకెళ్తాను. చిక్కం కొనడానికి మూతి పొడవు, చుట్టుకొలత రెండూ కొలవాలా?

జవాబు 2: రెండూ కొలవాలి.