దవావోకి వస్తున్నా: అక్కడి సరుకు కొనాలా, ఇంపోర్టెడ్ కొనాలా?

గుంటూరు నుంచి, ప్రశ్న

గ్రూపులో అందరికీ నమస్కారం. మెడిసిన్ చదవడానికి దవావో వస్తున్నాను. ఫిలిప్పీన్స్‌లో తయారైనవి నాసిగా ఉంటాయి, కొంటే ఇంపోర్టెడే కొను, లేదంటే ఇక్కడి నుంచే మోసుకెళ్లు అని చుట్టాలందరూ అంటున్నారు. అమ్మ ఇప్పటికే మూడో సూట్‌కేస్ తెరిచింది. నిజంగా అక్కడి వస్తువులు అంత బాగుండవా? బ్యాగేజీ గురించి కొంచెం టెన్షన్‌గా ఉంది.

దవావో నుంచి, జవాబు

తమ్ముడూ, ముందు అమ్మగారిని ఆ మూడో సూట్‌కేస్ మూసేయమను. ఈ ఊళ్లో కాపురం పెట్టి, ఇక్కడి మార్కెట్లో కొని వండుకుంటున్న దాన్ని కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నాను.

మీ చుట్టాల మాట నువ్విక్కడ కూడా వింటావు, అదీ ఫిలిప్పినోల నోటే. ఈ దేశం 1946 దాకా అమెరికా చేతిలో ఉంది. స్వతంత్రం వచ్చాక కూడా వాణిజ్య ఒప్పందం వల్ల అమెరికా సరుకు ఏళ్ల తరబడి సుంకం లేకుండా వచ్చి పడింది. క్లార్క్, సూబిక్ అనే అమెరికా సైనిక స్థావరాల నుంచి చాక్లెట్లు, సబ్బులు, డబ్బా మాంసం బయటికొచ్చేవి. అమెరికా నుంచి వచ్చినదాన్ని ‘స్టేట్‌సైడ్’ అంటారు, ఆ మాటలోనే ఒక గౌరవం ఉంటుంది. 1958లో అధ్యక్షుడు కార్లోస్ గార్సియా ‘ఫిలిపినో ఫస్ట్’ అని ఒక విధానం తెచ్చారు కానీ జనం మనసులో ఆ తూకం పూర్తిగా మారలేదు. మీ ఇంటి ఓనరమ్మ చుట్టాలు విదేశం నుంచి పంపిన పెట్టె విప్పి నీకు ప్రేమగా అమెరికా చాక్లెట్ పెడుతుంది. కాదనకుండా తిను. కానీ మంచి చాక్లెట్ కావాలంటే ఇదే నగరంలో, బగియో డిస్ట్రిక్ట్ కొండ మీద పండే కోకోతో చేసే మలాగోస్ కొను. లండన్ అకాడమీ ఆఫ్ చాక్లెట్ అవార్డులు తెచ్చుకున్న సరుకు అది. 2021లో దవావోని దేశపు చాక్లెట్ రాజధానిగా చట్టం చేసి మరీ ప్రకటించారు. ఇక్కడి బంకెరోహాన్ మార్కెట్లో తబ్లేయా అనే కోకో బిళ్లలు దొరుకుతాయి, పాలలో వేసి మరిగిస్తే చాలు. కాఫీ కూడా అంతే. త్రీ ఇన్ వన్ ప్యాకెట్లకు అలవాటు పడకు. అపో కొండ మీద పండే అరబికా గింజలు పొడి చేయించుకుంటే డికాషన్ బ్రహ్మాండంగా దిగుతుంది.

కూరగాయలకైతే సూపర్ మార్కెట్లో ఇంపోర్టెడ్ అరల వైపు వెళ్లే పనే లేదు. మనం తినేవి చాలావరకు ఇక్కడే పండుతాయి. మలుంగ్గాయ్ అంటే మన మునగాకు, ఆలుగ్బాతి బచ్చలి, ఉపో సొరకాయ, పతోలా బీర, అంపలాయా కాకర, గాబి చేమదుంప. ఆ పేర్లు ఒక్కసారి రాసిపెట్టుకో, మార్కెట్లో పని తేలికవుతుంది. వెల్లుల్లి కొనేటప్పుడు తెల్లగా నిగనిగలాడే పెద్ద గడ్డలు చూసి మోసపోకు, అవి ఎక్కువగా చైనావి. ఈ దేశపు ఉత్తరాన ఉన్న ఇలోకోస్ నుంచి వచ్చేవి చిన్నగా ఉంటాయి, ఒలవడం విసుగే, కానీ పచ్చడిలో నాలుగు రెబ్బలు వేస్తే చాలు, ఘాటు తెలుస్తుంది. ఉల్లిపాయ మాత్రం రేటు చూసుకుని కొను. 2022 చివర్లో కిలో 600 పెసోలు దాటి, రోజూ కొనేవాళ్లు కూడా చేయి వెనక్కి తీసుకున్నారు. ఇక్కడి పంట కోతకొచ్చే నెలల్లో దిగొస్తుంది.

బియ్యం దగ్గర కొంచెం ఓపిక పట్టాలి. షాపులో బస్తాల మీద చిన్న బోర్డులు పెడతారు. వియత్నాం బియ్యం పొడవుగా, చూడ్డానికి బాగుంటుంది. 2019లో దిగుమతుల మీద పరిమితి తీసేసి సుంకం పెట్టాక అది మరీ ఎక్కువైంది. దవావో ఉన్న ఈ మిండనావో దీవి మెరక నేలల్లో పండే దినోరాడో బియ్యానికి సువాసన ఉంటుంది, కాస్త అంటుకుంటుంది. పప్పన్నానికి నాకు ఇదే ఇష్టం. పులిహోరకి మాత్రం కొంచెం పొడిగా అయ్యే రకం అడిగి తీసుకో. కిలో కిలో చొప్పున రెండు మూడు రకాలు వండి చూశాకే బస్తా కొను. సోనా మసూరి కోసం ఏడవకు.

ఇక పెరుగు. ఇక్కడ దిగుమతికే నా ఓటు. ఈ దేశానికి కావలసిన పాలలో దాదాపు 99 శాతం బయటి నుంచే వస్తాయి. న్యూజిలాండ్, ఆస్ట్రేలియా డబ్బా పాలు గోరువెచ్చగా చేసి తోడు పెడితే చక్కగా తోడుకుంటాయి, సందేహం వద్దు. గేదెపాలు ఎక్కడైనా కనిపిస్తే మాత్రం వదలకు. మనీలా ఉన్న లూజాన్ దీవిలోని ముర్రా సంతతి గేదెల పాల పెరుగు తింటే ఇంటి పెరుగే గుర్తొస్తుంది. కందిపప్పు, మినప్పప్పు, గుంటూరు కారం, ఇంగువ, చింతపండు ఇంటి నుంచి తెచ్చుకో. ఇండియన్ షాపుల్లో ఉంటాయి కానీ రేటు మండుతుంది. పెసలు తేనక్కర్లేదు, ప్రతి సందులో ‘మొంగ్గో’ పేరుతో అమ్ముతారు. మాంసం పచ్చళ్లు అసలు పెట్టుకోకు, ఎయిర్‌పోర్టులో తీసేసుకుంటారు.

నూనె గురించి అందరూ భయపెడతారు. ఇక్కడి కొబ్బరి నూనె శుద్ధి చేసింది, వంటలో వాసన రాదు, తాలింపుకి బాగుంటుంది. వేరుశనగ నూనె కోసం వెతికి రెండింతలు పోయకు.

మందుల పెట్టె చిన్నది చాలు. జ్వరానికి ఇక్కడ ఇంటింటా ఉండే బయోజెసిక్ పారాసిటమాలే, 1945లో మొదలైన స్థానిక కంపెనీ యూనిలాబ్ చేస్తుంది. మందు మీద జనరిక్ పేరు, అంటే అసలు మందు పేరు, ఉండి తీరాలని 1988లోనే చట్టం ఉంది కాబట్టి బ్రాండ్ తెలియకపోయినా పర్వాలేదు. షాపులో ఇచ్చే జనరిక్ స్ట్రిప్పు తిప్పి చూస్తే చాలాసార్లు మేడ్ ఇన్ ఇండియా అనే ఉంటుంది.

పాసిగ్ (మనీలా) నుంచి, జవాబు

అక్క తిండి సంగతి చెప్పింది, నేను బూట్ల గురించి చెబుతాను తమ్ముడూ. ఆస్పత్రిలో రోజంతా నిలబడాల్సిన చదువు నీది. మాల్‌లో మెరిసే చవక ఇంపోర్టెడ్ బూట్లు కొనకు. ఈ ఉక్కకి వాటి సోల్ లోపల్నుంచే పొడి పొడిగా రాలిపోతుంది, కొత్తది పెట్టలేం. మనీలా పక్కన మరికినాలో 1887 నుంచి తోలు బూట్లు కుడుతున్నారు. అడుగు అరిగితే మళ్లీ వేయించుకోవచ్చు. 1990ల నుంచి చవక చెప్పులు వచ్చి పడి అక్కడ చాలా వర్క్‌షాపులు మూతపడ్డాయి, మిగిలినవాళ్ల పనితనం మాత్రం తగ్గలేదు. దవావో నుంచి సెలవుల్లో మనీలా వచ్చినప్పుడు కొలత ఇచ్చి కుట్టించుకో. రెండు రకాలు ఒక రేటుకే దొరికితే నా డబ్బు వాళ్లకే ఇస్తాను, ఆ చేతిపని బతకాలి.

ఉకాయ్ ఉకాయ్ షాపులని ఉంటాయి, విదేశాల వాడిన బట్టలు కుప్పలుగా పోసి అమ్ముతారు. ఆ దిగుమతిని 1966లోనే నిషేధించారు, అయినా వీధి వీధినా ఉంటాయి. వాటికంటే ఇక్కడి టైలర్ దగ్గర కుట్టించిన యూనిఫాం నయం, రెండు వారాలు ముందు ఇవ్వు.

గుంటూరు నుంచి

చాలా థాంక్స్ అక్కా, అన్నా. మరి మిక్సీ, ఇండక్షన్ స్టవ్, ఎక్స్‌టెన్షన్ బాక్స్ ఇక్కడి నుంచి తెచ్చుకోనా?

దవావో నుంచి

మిక్సీ ఒక్కటే తెచ్చుకో, ఇక్కడి బ్లెండర్‌లో ఇడ్లీ పిండి మెత్తగా నలగదు. కరెంటు 220 వోల్టులే, ప్లగ్ మాత్రం రెండు పలక పిన్నులది కాబట్టి మంచి అడాప్టర్ ఉండాలి. స్టవ్, ఫ్యాన్, ఎక్స్‌టెన్షన్ ఇక్కడే కొను. వాటి మీద పి.ఎస్. అనే ఇక్కడి నాణ్యతా గుర్తు గానీ, ఐ.సి.సి. స్టిక్కర్ గానీ ఉందో లేదో చూడు. ఐ.సి.సి. అంటే దిగుమతైన సరుకుని వాణిజ్య శాఖ పరీక్షించి పాస్ చేసినట్టు. రెండూ లేని ఎక్స్‌టెన్షన్ బాక్స్ ఎంత చవకైనా ముట్టుకోకు. పాత చెక్క ఇళ్లలో ఉంటారు మన పిల్లలు, నిప్పంటుకుంటుందేమోనని నాకు భయం. నువ్వొచ్చాక మొదటి ఆదివారం మెసేజ్ పెట్టు, బంకెరోహాన్‌కి నేనే తీసుకెళ్తాను, పొద్దున్నే వెళ్తే కూరలు తాజాగా ఉంటాయి.